డి3 ఎమల్షన్: బిందువు చిన్నదే, నిలకడ బాగుంది, మరి విటమిన్ మిసెల్లలోకి ఎందుకు చేరట్లేదు?

తైలబిందువు

అందరికీ నమస్కారం. నోటితో తీసుకునే విటమిన్ డి3 ఎమల్షన్ (నీటిలో సన్నటి నూనె బిందువులు చెదిరి ఉండే మిశ్రమం) మీద పని నడుస్తోంది. ఇప్పటి పాళ్లు ఇవి: కిలో ఎమల్షన్‌కి 100 గ్రాముల ఎంసీటీ నూనె (మధ్యస్థ గొలుసు ట్రైగ్లిజరైడ్లు), 15 గ్రాముల పాలీసార్బేట్ 80 (నూనె బిందువుల్ని నీటిలో నిలిపే సర్ఫాక్టెంట్), మిగతాది పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్ (10 మిల్లీమోలార్). మి.లీ.కి 1,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) డి3. ముందు రోటర్-స్టేటర్ మిక్సర్‌తో 2 నిమిషాలు, ఆ తర్వాత హైప్రెషర్ హోమోజినైజర్‌లో 80 మెగాపాస్కల్స్ దగ్గర 5 సార్లు తిప్పుతున్నాను. సగటు వ్యాసం 130 నానోమీటర్ల దగ్గర ఉంటోంది. నెల దాటినా మీగడ కట్టట్లేదు.

చిక్కు జీర్ణ పరీక్షలో వస్తోంది. ఇన్ఫోజెస్ట్ పద్ధతిలో (జీర్ణక్రియని గాజుపాత్రలో అనుకరించే ప్రామాణిక పరీక్ష) చేస్తే ఎంసీటీ చకచకా జీర్ణమైపోతోంది కానీ మిసెల్ దశలో (పేగులో కొవ్వునీ విటమిన్నీ మోసే సూక్ష్మ కణాల్లో) దొరికే డి3 తక్కువ. మొక్కజొన్న నూనెతో చేసిన నమూనాలో బిందువు ఇంకా పెద్దది, జీర్ణం కావడం నెమ్మది, అయినా డి3 ఎక్కువ దొరుకుతోంది. బిందువుని 50 నానోమీటర్లకి దించితే సరిపోతుందా, సర్ఫాక్టెంట్ మార్చాలా?

మిసెల్‌మిత్ర

రెండూ కాదండి. మార్చాల్సింది నూనె.

బిందువు చిన్నపేగులోకి వచ్చాక పైత్యరస లవణాలు దాని మీదున్న ఎమల్సిఫయర్‌ని పక్కకి నెడతాయి. కోలైపేజ్ అనే తోడు ప్రోటీన్ ఆసరాతో కొవ్వుని విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ ఆ ఉపరితలాన్ని పట్టుకుంటుంది. ఒక్కో ట్రైగ్లిజరైడ్ నుంచి రెండు కొవ్వు ఆమ్లాలు, ఒక మోనోగ్లిజరైడ్ విడిపోతాయి. ఇవి పైత్యరస లవణాలతో, ఫాస్ఫోలిపిడ్లతో కలిస్తే మిశ్రమ మిసెల్లు తయారవుతాయి. డి3 ఎక్కాల్సిన బండి అది. బిందువు చిన్నదైతే బండి త్వరగా వస్తుంది, అంతవరకే. అందులో చోటెంత ఉంటుందో తేల్చేది నూనె.

ఎంసీటీలో ఉండేవి ప్రధానంగా 8, 10 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు. పొట్టి గొలుసులు కావడంతో వాటిలో చాలా భాగం నీటిలోకే చెదిరిపోతుంది. మిసెల్ లోపలి కొవ్వు భాగం చిన్నగా మిగులుతుంది, డి3 లాంటి, బీటా కెరోటిన్ లాంటి పెద్ద అణువులు అందులో ఇమడవు. ఓలియిక్, లినోలియిక్ లాంటి 18 కార్బన్ల ఆమ్లాలైతే మిసెల్లు, వెసికిల్స్ (పొరసంచులు) బాగా ఉబ్బుతాయి. లైపేజ్ వేగం చూసి శోషణ బాగుంటుందని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే.

ఇంకో కారణం మీ గాజుపాత్రలో కనిపించదు. పేగు కణం లోపలికి వెళ్లిన పొడవు గొలుసు ఆమ్లాల్ని ఆ కణం మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా కూర్చి, కైలోమైక్రాన్‌గా చుట్టి శోషరసంలోకి పంపిస్తుంది. కొవ్వులో కరిగే విటమిన్లు ఎక్కువగా పోయే దారి అదే. మధ్యస్థ గొలుసు ఆమ్లాలు చాలావరకు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్లిపోతాయి. ఎంసీటీ ఒక్కటే ఇస్తే కైలోమైక్రాన్ కట్టడానికి సరుకే ఉండదు.

మినరల్ ఆయిల్ వాడదామని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి. అది జీర్ణం కాదు, తనలో కరిగిన విటమిన్‌ని పట్టుకుని అలాగే బయటికి పోతుంది.

కెరోటిన్_కె

పరిమాణం ప్రభావం ఉంది, కాకపోతే ఒక హద్దు వరకే. మొక్కజొన్న నూనెలో బీటా కెరోటిన్ పెట్టి చేసిన 2013 నాటి ప్రయోగంలో బిందువు 23 మైక్రోమీటర్లున్నప్పుడు మిసెల్లలోకి చేరింది 34 శాతం. 0.4 మైక్రోమీటర్ల దగ్గర 55, 0.2 దగ్గర 59 శాతం. మొదటి దూకుడుకీ రెండో దూకుడుకీ తేడా చూడండి. 130 నుంచి 50కి దించడానికి పడే శ్రమ బూడిదలో పోసిన పన్నీరు.

తైలబిందువు

అర్థమైంది, ధన్యవాదాలు. ఎంసీటీ ఎంచుకున్నది చిక్కదనం తక్కువని, ఆక్సీకరణ చెందదని. పొడవు గొలుసు నూనెకి మారితే ఆ రెండు సౌకర్యాలూ పోతాయి కదా. రెండూ కలిపితే నష్టమా? పాలీసార్బేట్ బదులు వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటిలోని ప్రోటీన్) వాడితే ఎంత వేయాలి?

కవ్వం

కలపొచ్చు. 75 భాగాలు పొడవు గొలుసు నూనె, 25 భాగాలు ఎంసీటీ అయితే చిక్కదనం తగ్గి హోమోజినైజర్‌లో తేలిగ్గా చితుకుతుంది, మిసెల్లకి కావాల్సిన కొవ్వు ఆమ్లాలూ దొరుకుతాయి. ఓలియిక్ ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె రకం తీసుకుంటే ఆక్సీకరణ బెడద చాలా తగ్గుతుంది.

ఎమల్సిఫయర్ ఎంత వేయాలో ఉజ్జాయింపుగా తేల్చకండి, దానికి లెక్క ఉంది. మొత్తం ఉపరితల వైశాల్యం = 6 × నూనె ఘనపరిమాణం ÷ వ్యాసం. 100 గ్రాముల నూనె దాదాపు 109 మి.లీ. వ్యాసం 200 నానోమీటర్లయితే 3,270 చదరపు మీటర్లు వస్తుంది. వే ప్రోటీన్ చదరపు మీటరుకి సుమారు 2 మి.గ్రా. అంటుకుంటుంది. అంటే ఉపరితలం కప్పడానికే 6.5 గ్రాములు కావాలి. 100 నానోమీటర్లు కావాలంటే 13 గ్రాములు. ప్రోటీన్ అంతా ఉపరితలానికే చేరదు కాబట్టి 200 నానోమీటర్లకి 12 గ్రాముల దాకా వేయడం మంచిది. ఇక్కడ వ్యాసం అంటే ఉపరితల సగటు వ్యాసం. లైట్ స్కాటరింగ్ యంత్రం చూపించే జెడ్-సగటు వేరే అంకె, దాన్ని ఇందులో పెడితే లెక్క పక్కకి పోతుంది.

ప్రోటీన్ చాలకపోతే దాని గుర్తు ఒకటుంది: మూడోసారి తిప్పినప్పటి కంటే ఐదోసారి తిప్పినప్పుడు బిందువు పెద్దదవుతుంది. కొత్తగా చీలిన బిందువుకి తొడుగు దొరికేలోపే పక్కదానితో కలిసిపోతోందన్నమాట. అప్పుడు పీడనం పెంచితే ఇంకా పాడవుతుంది. ప్రోటీన్ పెంచాలి, లేదా నూనె తగ్గించాలి.

కిలోకి చేసే వరుస ఇది. వే ప్రోటీన్ ఐసొలేట్‌ని పీహెచ్ 7 బఫర్‌లో చల్లుతూ 2 గంటలు కలిపి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర నాననివ్వండి. సరిగా నానని ప్రోటీన్ ఉండలు వాల్వులో ఇరుక్కుంటాయి. డి3ని గ్రాముకి 10 లక్షల ఐయూ ఉండే నూనె గాఢద్రవంగా తీసుకుంటే 1 గ్రాము చాలు, అందులో ఉండేది 25 మి.గ్రా. డి3. ఆ గ్రాముని నేరుగా 99 గ్రాముల్లో పడేయకండి. ముందు 9 గ్రాముల నూనెతో బాగా కలిపి, తర్వాత దాన్ని 90 గ్రాముల్లో కలపండి. గాజుపాత్రలో, మసక వెలుతురులో, నైట్రోజన్ కింద చేయండి. నూనెని కొద్దికొద్దిగా ప్రోటీన్ ద్రావణంలో పోస్తూ రోటర్-స్టేటర్‌ని నిమిషానికి 10,000 చుట్ల దగ్గర 2 నిమిషాలు తిప్పండి. తల పూర్తిగా మునిగి ఉండాలి. పైకి తేలితే గాలి పీల్చి నురగ కడుతుంది. నురగలోకి పోయిన ప్రోటీన్ బిందువులకి దక్కదు, పైగా కలిసిన గాలిలోని ఆక్సిజన్ విటమిన్‌ని తింటుంది.

హోమోజినైజర్‌లో వేడి గురించి చాలామంది పట్టించుకోరు. 80 మెగాపాస్కల్స్ పీడనం వాల్వు దగ్గర వేడిగా మారితే ద్రవం ఒక్కో దఫా దాదాపు 19 డిగ్రీలు ఎక్కుతుంది. చల్లార్చకుండా మూడుసార్లు తిప్పితే 25 డిగ్రీల నుంచి 80 దాటేస్తుంది. వే ప్రోటీన్ 70 డిగ్రీల దగ్గరే విప్పుకుని బిందువుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. బయటికి వచ్చే గొట్టాన్ని ఐసు నీళ్లలో చుట్టి ఉంచండి, ప్రతి దఫాకీ ముందు 25కి దింపండి.

గామా_ఇ

విటమిన్ ఇతో ఎవరైనా ఇదే చేయబోతుంటే ఒక మాట. ఆల్ఫా టోకోఫెరాల్ గానీ దాని ఎసిటేట్ గానీ తేనెలా చిక్కన. దాన్నొక్కదాన్నే నూనె దశగా పెడితే వాల్వులో చితకదు, బిందువు పెద్దగానే మిగులుతుంది. పొడవు గొలుసు నూనెతో కనీసం సగానికి సగం పలచన చేసుకోవాలి.

ఎసిటేట్ అయితే గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. నిల్వలో చెక్కు చెదరదు, కానీ పేగులో దాన్ని టోకోఫెరాల్‌గా విడగొట్టాలి. ఆ పని చేసేది క్లోమరసంలోని కార్బాక్సిల్ ఎస్టర్ హైడ్రోలేజ్, దానికి పైత్యరస లవణాలు ఉండాల్సిందే. జీర్ణ పరీక్షలో ఈ విడివడటం సగంలోనే ఆగిపోవచ్చు. ఎసిటేట్, టోకోఫెరాల్ రెండూ విడివిడిగా కొలవకపోతే విటమిన్ నశించిందని పొరబడతారు. ఎసిటేట్‌కి ప్రతిఆక్సీకరణ గుణం లేదు. నూనెని కాపాడుతుందని దాన్ని కలపడం శుద్ధ దండగ.

జీర్ణనాళిక

తైలబిందువు గారూ, నూనె మార్చే ముందు మీ కొలతనే ఒకసారి అనుమానించండి. ఇన్ఫోజెస్ట్ పాళ్లు సరిగ్గానే పెట్టి ఉంటారు: నోటి దశకి సమానంగా కలిపి 2 నిమిషాలు, కడుపు దశ పీహెచ్ 3 దగ్గర 2 గంటలు, పేగు దశ పీహెచ్ 7 దగ్గర 2 గంటలు, పైత్యరస లవణాలు 10 మిల్లీమోలార్, ట్రిప్సిన్ చురుకుదనం మి.లీ.కి 100 యూనిట్లు ఉండేలా పాంక్రియాటిన్ (క్లోమరస ఎంజైమ్‌ల మిశ్రమం). ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి మధ్య పొర తీసి, 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్‌లో వడకట్టి ఉంటారు.

అక్కడే మోసం జరుగుతుంది. మీ బిందువు 130 నానోమీటర్లు. జీర్ణం కాకుండా మిగిలిన బిందువు ఆ ఫిల్టర్‌లోంచి నిక్షేపంగా దాటిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లోనైనా తేలిపోతుందా అంటే లెక్క వేసి చూడండి. నూనెకీ నీటికీ సాంద్రతలో తేడా ఘనమీటరుకి 80 కిలోలు అనుకుంటే, 100 నానోమీటర్ల బిందువు 10,000 రెట్ల గురుత్వం కింద సెకనుకి 4.4 మైక్రోమీటర్లు కదులుతుంది. అరగంటలో 8 మిల్లీమీటర్లు. మీ ట్యూబులో ద్రవం 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే చాలా బిందువులు మధ్యలోనే ఉండిపోతాయి. వాటిలోని డి3 మిసెల్ లెక్కలో పడిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక జంట నమూనా పెట్టాలి: అన్నీ వేసి పాంక్రియాటిన్ మాత్రం వేయకుండా. అందులో మధ్య పొరలో ఎంత డి3 దొరికితే అందులో చాలాభాగం అబద్ధపు మిసెలే. ఫలితాల్లో నానోఎమల్షన్‌కి 90 శాతం పైన కనిపించినప్పుడల్లా నేను మొదట ఈ జంట నమూనా కోసమే వెతుకుతాను.

క్షార వినియోగం (జీర్ణమైనప్పుడు విడుదలైన ఆమ్లాన్ని సరిచేయడానికి పట్టే క్షారం) పోల్చేటప్పుడు గ్రాముల్లో పోల్చకండి. 5 గ్రాముల మీ ఎమల్షన్‌లో అర గ్రాము నూనె ఉంటుంది. మొక్కజొన్న నూనె అణుభారం 880 కాబట్టి పూర్తిగా జీర్ణమైతే విడుదలయ్యే ఆమ్లం 1.1 మిల్లీమోల్. ఎంసీటీ అణుభారం 500 దగ్గర, అదే అర గ్రాముకి 2 మిల్లీమోల్. 0.25 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో చూస్తే ఒకటి 4.5 మి.లీ., ఇంకోటి 8 మి.లీ. తాగుతుంది. ఎంసీటీ గీత పైకి లేచి కనిపించడంలో సగం సంగతి ఇదే. దీనికి తోడు పొడవు గొలుసు ఆమ్లాలు పీహెచ్ 7 దగ్గర పూర్తిగా అయనీకరణ చెందవు, అందుకని మొక్కజొన్న నూనె నిజంగా జీర్ణమైనదానికంటే తక్కువగా కనిపిస్తుంది. చివర్లో పీహెచ్ 9కి ఎత్తి వెనక్కి టైట్రేట్ చేస్తే అది బయటపడుతుంది.

కాల్షియం సంగతి కూడా చెప్పాలి. కొంచెం ఉంటే మేలే చేస్తుంది: పొడవు గొలుసు ఆమ్లాల్ని ఉపరితలం నుంచి లాగేసి లైపేజ్‌కి దారి ఇస్తుంది. ఎక్కువైతే అవి సబ్బులా అడుగుకి చేరతాయి, వాటితో పాటు మిసెల్లూ, విటమినూ అడుగున పడతాయి. కాల్షియం కలిపిన పానీయంలో మీ ఎమల్షన్ వాడాలనుకుంటే ఈ పరీక్ష తప్పనిసరి. పై పొర, మధ్య పొర, మడ్డి మూడింటిలోనూ డి3 కొలిచి కూడండి. ద్రవ క్రొమటోగ్రఫీలో 265 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తే చాలు. మొత్తం మొదట వేసినదానికి దగ్గరగా రాకపోతే దారిలో ఎక్కడో నశిస్తోందని లెక్క.

నమూనాలు పాడవకుండా 0.02 శాతం సోడియం ఎజైడ్ వేసే అలవాటు ప్రయోగశాలల్లో ఉంది. అది విషం. మనుషులు రుచి చూసే సీసా, ఎజైడ్ ఉన్న సీసా ఒకే ఫ్రిజ్‌లో ఉండకూడదు.

తైలబిందువు

జంట నమూనా పెట్టి చూశాను. పాంక్రియాటిన్ లేని ట్యూబులో మధ్య పొర పాలలా తెల్లగానే ఉండిపోయింది, వడకట్టినా తెలుపు పోలేదు. అంటే ఎంసీటీకి వచ్చిన తక్కువ అంకె కూడా ఉన్నదానికంటే పెద్దదే కావచ్చు. ఇకనుంచి ఎక్కువ వేగంతో, ఎక్కువసేపు తిప్పి, ట్యూబు పక్కనుంచి సూదితో మధ్య పొర తీస్తాను.

సుడి

ఇంత యంత్రాంగం లేకుండా తేలిక దారి ఒకటుంది. నూనె, విటమిన్ కలిపి 10 శాతం, పాలీసార్బేట్ 80 ఇంకో 10 శాతం. రెండూ బాగా కలిపి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిరుగుతున్న నీటిలో సన్నటి ధారగా పోస్తే బిందువులు వాటంతటవే పుడతాయి. హోమోజినైజర్ అక్కర్లేదు. పారదర్శకంగా, నీలి ఛాయతో వస్తుంది. ఈ పద్ధతిలో నూనెనే నీళ్లలో పోయాలి.

మిసెల్‌మిత్ర

సుడి గారూ, పద్ధతి పనిచేస్తుంది, కాదనను. విటమిన్ ఇ ఎసిటేట్‌కి ఎంసీటీ కొద్దిగా కలిపితే చక్కగా వస్తుంది కూడా. పొడవు గొలుసు నూనెతో మాత్రం ఈ దారిలో బిందువు అంత చిన్నగా రాదు, నూనె అణువు పెద్దది కాబట్టి. తేటదనం కోసం ఎంసీటీకి వెళ్తే మళ్లీ మొదటి చిక్కు దగ్గరికే వస్తాం.

సర్ఫాక్టెంట్ నూనెతో సమానంగా ఉండటం నాకు నచ్చదు. పాలీసార్బేట్లకి జేఈసీఎఫ్ఏ (ఆహార సంకలనాల మీద ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓల ఉమ్మడి నిపుణుల సంఘం) రోజుకి కిలో శరీర బరువుకి 25 మి.గ్రా. హద్దు పెట్టింది, 60 కిలోల మనిషికి 1,500 మి.గ్రా. 1 మి.లీ. మోతాదులో పోయేది 100 మి.గ్రా. కాబట్టి పెద్దవాళ్లకి హద్దులోనే ఉంటుంది. పసిపిల్లల చుక్కల మందుకి, రోజూ గ్లాసుడు తాగే పానీయానికి ఆ ధీమా ఉండదు. 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో పాలీసార్బేట్ 80 పేగులోని సూక్ష్మజీవుల్ని మార్చి స్వల్ప వాపుకి దారితీసింది. మనుషులకి దాన్ని యథాతథంగా అన్వయించలేం, అయినా తక్కువతో పని జరిగేచోట ఎక్కువ ఎందుకు? ఇంకో ఇబ్బంది, ఉపరితలం నిండా గట్టిగా పట్టుకున్న సర్ఫాక్టెంట్ లైపేజ్‌ని దగ్గరికి రానివ్వదు.

కవ్వం

పాలీసార్బేట్‌లో పెరాక్సైడ్లు పేరుకుంటాయన్నది కూడా కలపండి. తెరిచి నెలల తరబడి ఉంచిన డబ్బా నుంచి వాడితే విటమిన్ ఎ, డి తయారీ రోజునుంచే తరగడం మొదలవుతుంది.

ఆక్సి_రోధి

నిల్వ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. ఎమల్షన్‌లో విటమిన్ ఎక్కువగా చచ్చేది కడుపులో కాదు, సీసాలో.

పైన వేసిన 3,270 చదరపు మీటర్ల ఉపరితలమే ఆక్సిజన్‌కీ ఇనుముకీ తలుపు. నీటిలో వచ్చే గోరంత ఇనుము చాలు. బిందువు మీద రుణావేశం ఉంటే ఇనుప అయాన్లు అక్కడికే వచ్చి చేరి హైడ్రోపెరాక్సైడ్లని ముక్కలు చేస్తాయి, గొలుసు చర్య మొదలవుతుంది. ఈడీటీఏ ఆ ఇనుముని కట్టిపడేస్తుంది. లీటరుకి 50 మి.గ్రా. లోపే సరిపోతుంది. నూనెలో మిశ్రమ టోకోఫెరాల్స్ 0.05 నుంచి 0.1 శాతం చాలు. ఎంత వేస్తే అంత మంచిదనుకోవద్దు, ఆల్ఫా టోకోఫెరాల్ మోతాదు మించితే ఆక్సీకరణని తానే ఎగదోస్తుంది. సీసా ముదురు గోధుమ రంగు గాజుది, మూత కింద నైట్రోజన్. ప్లాస్టిక్ వద్దు. విటమిన్ ఎ ప్లాస్టిక్ గోడకి అంటుకుంటుంది. కె వెలుతురుకీ క్షారానికీ తట్టుకోదు, వేడికి మాత్రం నిలుస్తుంది.

ఇక అసలు తగువు పీహెచ్ దగ్గర వస్తుంది. బూజు రాకుండా పొటాషియం సార్బేట్ 0.1 శాతం వేస్తారు. పని చేసేది అయనీకరణ చెందని సార్బిక్ ఆమ్లమే, దాని పీకేఏ (సగం అయనీకరణ చెందే పీహెచ్) 4.76. పీహెచ్ 7 దగ్గర ఆ రూపంలో ఉండేది ఒక్క శాతం కూడా కాదు. 3.5 దగ్గర దాదాపు 95 శాతం. కాబట్టి పీహెచ్ 7లో సార్బేట్ వేసి నిశ్చింతగా ఉండటం తప్పు. పోనీ ఆమ్లం పోద్దామా అంటే వే ప్రోటీన్ 5 దగ్గర ఆవేశం పోగొట్టుకుని పాలు విరిగినట్టు విరుగుతుంది. నిమ్మామ్లం చుక్కచుక్కగా పోస్తూ చూస్తే 5.5 దాటగానే గోడ మీద సన్నటి రవ్వ కనిపిస్తుంది, 5 దగ్గర మొత్తం గుచ్చంగా మారుతుంది. 3.5కి చేరేసరికి కొంత విడిపోతుంది కానీ పూర్తిగా కాదు.

మార్గాలు రెండు. ప్రోటీన్‌ని ముందే పీహెచ్ 3.5 దగ్గర కరిగించి ఎమల్షన్ అక్కడే చేయడం. అప్పుడు బిందువు ధనావేశంతో ఉంటుంది, ఇనుముని కూడా తరిమేస్తుంది, నాకు ఇది ఇష్టం. లేదంటే క్విల్లాజా సపోనిన్ (క్విల్లాజా చెట్టు బెరడు నుంచి తీసే ఎమల్సిఫయర్) వాడటం: పీహెచ్ 3 నుంచి 8 దాకా, 90 డిగ్రీల వేడి దాకా నిలకడగా ఉంటుంది. పీహెచ్ 2 దగ్గర మాత్రం చెదురుతుంది. ఏదైనా సరే గడ్డకట్టనివ్వకండి. ఐసు స్ఫటికాలు బిందువుల్ని ఒకచోటికి నెట్టి తొడుగు చీల్చేస్తాయి, కరిగాక పైన నూనె తేలుతుంది.

పిత్తవాహిక

పైత్యరసం సరిగా రాని రోగుల సంగతి వేరు. మీరు చెప్పే మిసెల్ కట్టడమే అక్కడ జరగదు, ఎంత చక్కటి నూనె పెట్టినా. అందుకే విటమిన్ ఇకి టీపీజీఎస్ అనే నీటిలో కలిసే రూపం వచ్చింది. అది 0.02 శాతం గాఢత దగ్గరే తనంతట తాను మిసెల్ కడుతుంది, పైత్యరసం అవసరం లేదు. పుట్టుకతో పైత్యరసం నిలిచిపోయే జబ్బున్న పిల్లల కోసం ఐరోపా సమాఖ్య 2009లో టోకోఫెర్సోలాన్ పేరుతో దీనికి అనుమతి ఇచ్చింది.

కెరోటిన్_కె

ఐతే ముందే మిసెల్‌గా తయారుచేసి ఇస్తే అన్నిటికీ అదే మందు కదా?

పిత్తవాహిక

కాదండి. విటమిన్ కె1ని గ్లైకోకోలిక్ ఆమ్లం, లెసిథిన్‌లతో మిశ్రమ మిసెల్‌గా చేసిన రూపం ఉంది. పైత్యరసం నిలిచిన పసికందులకి అది నోటితో ఇచ్చి చూస్తే శోషణ నమ్మదగ్గట్టుగా లేదని తేలింది. కడుపులోని ఆమ్లంలో ఆ మిసెల్ చెదిరిపోవచ్చు, పేగులో దాన్ని మళ్లీ కట్టడానికి పైత్యరసం లేదు. సీసాలో మిసెల్‌గా ఉండటం వేరు, పేగుగోడ దగ్గరికి మిసెల్‌గా చేరడం వేరు. ఆ పిల్లల్లో కె లోపం అంటే మెదడులో రక్తస్రావం దాకా వెళ్లే ప్రమాదం. చికిత్స రూపం, దారి, మోతాదు పూర్తిగా వైద్యుల చేతిలో ఉండాలి.

జీర్ణనాళిక

ఆరోగ్యవంతుల విషయంలో ఎవరూ చెప్పనిది ఇంకోటి. మీ 1 మి.లీ.లో ఉన్న నూనె 100 మి.గ్రా. మాత్రమే. పిత్తాశయం ముడుచుకుని పైత్యరసం వదలడానికి అది చాలదు. పరగడుపున తాగితే నానోఎమల్షన్ అయినా సరే బండి కట్టే సరంజామా ఉండదు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో 50 మంది పెద్దవయసు వాళ్లకి 50,000 ఐయూ డి3 ఒకేసారి ఇచ్చారు. కొవ్వున్న భోజనంతో తీసుకున్నవాళ్లలో 12 గంటల తర్వాత రక్తంలోని డి3 కొవ్వు లేని భోజనంవాళ్లకంటే 32 శాతం ఎక్కువ. సీసా మీద 'భోజనంతో పాటు' అని రాయండి.

నిలకడ కోసం కైటోసాన్ (రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) పూత వేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. అది బిందువుల్ని గుత్తులుగా కడుతుంది, పైత్యరస లవణాల్నీ కొవ్వు ఆమ్లాల్నీ పట్టుకుంటుంది. సీసాలో ఎంత అందంగా ఉన్నా పేగులో విటమిన్‌కి అడ్డం పడుతుంది.

కెరోటిన్_కె

దీనికి తిరగేసిన ఉపాయం కూడా ఉంది. విటమిన్ ఏమీ లేని ఎమల్షన్‌ని కూరగాయలతో పాటు తీసుకోవడం. ఆ బిందువులు జీర్ణమైనప్పుడు పుట్టే మిసెల్లలోకి కూరగాయలోని కెరోటినాయిడ్లే ఎక్కుతాయి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియన్ మెక్‌క్లెమెంట్స్ బృందం దీన్ని ఎక్సిపియంట్ ఎమల్షన్ పేరుతో బాగా ముందుకు తీసుకెళ్లింది. అక్కడా నెగ్గింది పొడవు గొలుసు నూనెలే.

నిర్వాహక బృందం

చర్చ చదివి సొంతంగా చేసుకోబోయేవారికి. డి3లో 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. ఈ రెండు కొలమానాలు తారుమారైతే మోతాదు 40 రెట్లు తప్పుతుంది. పెద్దవాళ్లకి రోజువారీ గరిష్ఠ హద్దు డికి 100 మైక్రోగ్రాములు, అంటే 4,000 ఐయూ. రెటినాల్ రూపంలోని విటమిన్ ఎకి 3,000 మైక్రోగ్రాములు. గర్భిణుల్లో ఎ మోతాదు మించితే బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు కె మోతాదు గానీ, అది ఒంటికి పట్టే రూపం గానీ మార్చుకునే ముందు వైద్యుణ్ని అడగాలి. శోషణ పెరిగితే అదే అంకె శరీరంలో ఎక్కువగా పనిచేస్తుంది, హద్దుకి దగ్గరగా ఉన్న మోతాదుల్ని ఎమల్షన్‌లో పెట్టకండి. ఇక్కడి పాళ్లన్నీ నోటితో తీసుకునే వాటికే. సూదితో ఎక్కించే కొవ్వు ఎమల్షన్‌కి శుభ్రత, పెద్ద బిందువుల హద్దులు పూర్తిగా వేరు, అది ప్రయోగశాల బల్ల మీద చేసేది కాదు.

తైలబిందువు

తర్వాతి బ్యాచ్ ఇలా అనుకుంటున్నాను: ఓలియిక్ ఎక్కువున్న పొద్దుతిరుగుడు నూనె 74 గ్రాములు, ఎంసీటీ 25, డి3 గాఢద్రవం 1 గ్రాము. వే ప్రోటీన్ 12 గ్రాములు, మొదటినుంచీ పీహెచ్ 3.5. 80 మెగాపాస్కల్స్ దగ్గర 3 సార్లు, ప్రతిసారీ 25 డిగ్రీలకి దింపి. సార్బేట్ 0.1 శాతం, ఈడీటీఏ లీటరుకి 50 మి.గ్రా. జీర్ణ పరీక్షలో పాంక్రియాటిన్ లేని జంట, మూడు పొరల కూడిక. ఏమైనా తప్పితే చెప్పండి.

ఆక్సి_రోధి

ఒక్కటే. సార్బేట్‌ని ఆమ్ల ద్రావణంలో నేరుగా పొడిగా వేస్తే సార్బిక్ ఆమ్లం తెల్లటి సూదుల్లా బయటపడుతుంది, తర్వాత కరగనని మొండికేస్తుంది. ముందు విడిగా నీటిలో కరిగించి, ఎమల్షన్ బాగా తిరుగుతుండగా సన్నగా పోయండి. పోశాక పీహెచ్ కొద్దిగా పైకి జరుగుతుంది, మళ్లీ కొలిచి 3.5కి సరిచేయండి.

కవ్వం

ప్రోటీన్ రాత్రంతా నానేది కూడా పీహెచ్ 3.5లోనే కానివ్వండి. 7లో నానబెట్టి పొద్దున ఆమ్లం పోస్తే మళ్లీ 5 మీదుగానే దిగాలి.